ఒక రోజు తక్కువ

హల్ పట్నంలో కౌంటీ కోర్టు, మూడో అంతస్తు.
మంగళవారాలు ఇళ్ల తగాదాలు.
నాకో మడత బల్ల, రెండు కుర్చీలు,
కాగితం రుమాళ్ల పెట్టె.
వచ్చినవాళ్లకి ఉచితం, మనిషికి పది నిమిషాలు.
పదిలో నాలుగు ఏడుపుకే పోతాయి,
వాటిని లెక్కలో వేసుకోవడం ఎప్పుడో మానేశాను.

ఇవాళ తొమ్మిదో నంబరు, హేమిన్.
కారవాన్లు చేసే కార్ఖానాలో కిటికీలు బిగిస్తాడు.
అక్టోబరులో వారానికి రెండు షిఫ్టులు కోసేశారు,
అద్దె అక్కడ తెగింది.
"రెండు నెలల పది రోజులు," అన్నాడు
నేనడక్కముందే, నేరం ఒప్పుకున్నట్టు.
నేరం కాదయ్యా, బాకీ, అన్నాను.
ఈ మాట వారానికి ఎన్నిసార్లంటానో.

సంచీ బోర్లించాడు బల్ల మీద.
గ్యాసు బిల్లు, పాప టీకాల కార్డు,
స్నానాల గదిలో నల్లబూజు ఫొటోలు,
వాటి కింద నలిగిన నోటీసు.
నీలం సిరా, గీత గీసినట్టున్న చేతిరాత,
ఏ వకీలూ రాసింది కాదు.
తేదీ చూశాను. దావా వేసిన తేదీ చూశాను.
వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి
మళ్లీ పెట్టాను.
పద్నాలుగు నిండాలి.
పదమూడుకే వచ్చేసిందావిడ.

ఎదురు బెంచీ మీదే ఉంది,
మిసెస్ ఎనిడ్ బ్లెంకిన్, డెబ్బై ఆరేళ్లు,
మెడదాకా గుండీలు పెట్టిన కోటు,
ఒళ్లో చేపల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు.
పెన్సిలుతో రోజుకో గడి కొట్టేసుకుంటూ వచ్చింది
నోటీసిచ్చిన రోజునే ఒకటి అనుకుని.
ఎవరైనా అలాగే అనుకుంటారు.
చట్టం మాత్రం మర్నాటి నుంచి మొదలెడుతుంది
ఒకటి అనడం.

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
ఖాళీ చేయించి చూడమని ఎవరూ అనలేదు,
ఖాళీ చేసి చూడమని అసలే అనలేదు.

లోపల ఆరు నిమిషాలు.
నేను లేచి పద్నాలుగు, పదమూడు అన్నాను.
బూజు ఫొటోలు తీయాల్సిన పనే పడలేదు.
జడ్జి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని
క్యాలెండరు చూపించమన్నాడు,
చాలాసేపు చూశాడు,
"క్షమించండమ్మా," అని కొట్టేశాడు.

"కొట్టేస్తే?" అందావిడ కారిడార్లో, ఎవర్నీ చూడకుండా.
మళ్లీ నోటీసు, మళ్లీ గడువు, మళ్లీ ఫీజు.
"పైకప్పువాడు డబ్బుకోసం ఆగాడు. నేను ఎవర్నడగాలి?"
ఆ ప్రశ్న నా బల్ల దాకా వచ్చి ఆగింది.
అతని తరఫున నిలబడ్డ నోరు
ఆమెకి తేదీ చెప్పకూడదు, అది మా నియమం,
మంచి నియమమే.
గుమస్తా కరపత్రాల స్టాండు చూపించాడు.
పోలిష్ భాషలోవే మిగిలాయి.

నేను గెలిచాను.
ఫైలు మీద అలా రాసుకున్నాను కూడా.

లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే
హేమిన్ బూటు అడ్డం పెట్టాడు.
ఆవిడ ఎక్కేదాకా తీయలేదు.

కిటికీలోంచి చూస్తే కింద బస్టాపు,
నదివైపు నుంచి చలిగాలి, సన్నగా తుంపర.
ఇద్దరిదీ ఒకటే బస్సు.
అవును మరి, ఇద్దరిదీ ఒకటే గుమ్మం.
పై వాటా అతనిది, కింది వాటా ఆమెది,
రాత్రి అతను కొళాయి తిప్పితే
ఆమె గోడలో నీళ్లు నడుస్తాయి.

అతను చెయ్యి చాచాడు.
ఆమె కాసేపు ఆలోచించి క్యాలెండరు ఇచ్చింది.
అతను కోటు అంచు దాని మీద గొడుగులా పట్టి
ఏదో చెబుతున్నాడు. నాకు వినపడదు.
వేలు మాత్రం కనిపించింది,
ఒక గడి మీద ఆగి
పక్క గడికి జరిగింది.

బస్సు వచ్చి వాళ్లని కప్పేసింది.

పదో నంబరు, పిలిచాను.
పెంపుడు కుందేలుని బుట్టలో పెట్టుకుని వచ్చారెవరో,
తాళాలు మార్చేశారట,
లోపల ఇంకొకటి ఉందట.